తెలుగులో క్లుప్తంగా రాయడం ఎలా: అనవసర పదాలను తొలగించడానికి సమగ్ర మార్గదర్శి

తెలుగు వాక్యంలో ఎక్కువ పని చేసేది మాట చివరి భాగం. ‘ఇంటికి’ అన్నప్పుడు చివరి ‘కి’ దిక్కు చెబుతుంది. ‘వచ్చాను’ అన్నప్పుడు చివరి ‘ను’ వచ్చినది నేనేనని తెలుపుతుంది. ‘వెళ్లి’ అన్నప్పుడు చివరి ఇకారం ఆ పని ముగిసిందని, మరో పని రాబోతోందని సూచిస్తుంది. ప్రత్యయాలు ఇంత పని చేస్తుండగా అదే పనికి మళ్లీ వేరొక మాటను నియమిస్తే వాక్యం బరువెక్కుతుంది. నేటి తెలుగు రాతల్లో కనిపించే అనవసర పదాల్లో చాలా భాగం ఇలా చేరినవేనని నా అభిప్రాయం. కొన్ని ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దించడం వల్ల, కొన్ని కార్యాలయ భాష వల్ల, కొన్ని టీవీ వ్యాఖ్యానాల వల్ల వచ్చి స్థిరపడ్డాయి. కాబట్టి తెలుగులో క్లుప్తతకు దారి మాట చివరను నమ్మడంతో మొదలవుతుంది.

ఈ పద్ధతిని ఒక అర్జీ మీద ప్రయోగించి చూపుతాను. అర్జీనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు, తెలంగాణలో ప్రజావాణికి సోమవారం నాడు కలెక్టరేట్లలో జనం బారులు తీరుతారు. ఒక్కొక్కరి కాగితానికి అధికారి కేటాయించగలిగేది కొద్ది క్షణాలే. ఆ క్షణాల్లో సమస్య ఏమిటో, ఎక్కడో, ఏం చేయాలో కాగితం చెప్పగలగాలి. పంచాయతీ కార్యదర్శికి రాసినట్లుగా కూర్చిన ఈ నమూనా చూడండి.

“అయ్యా, పై విషయానికి సంబంధించి తమరికి సవినయంగా తెలియజేసుకోవడం ఏమనగా, మా యొక్క గ్రామంలో ఉన్నటువంటి మూడవ వీధిలో ఏదైతే మంచినీటి పైపులైను ఉన్నదో, అది గత నెల 12వ తేదీన పగిలిపోవడం జరిగింది. దీని కారణంగా నీరు అనేది వృథాగా పోవడం మరియు వీధి అంతా కూడా బురదమయంగా మారిపోవడం జరుగుతున్నది. ఈ యొక్క సమస్య గురించి ఇంతకు ముందు కూడా మా చేత ఫిర్యాదు చేయబడింది కానీ ఇప్పటి వరకు ఎటువంటి చర్యలు కూడా తీసుకోవడం జరగలేదు. కావున తమరు దయచేసి ఈ విషయంపై తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరడమైనది.”

ఇందులో 66 మాటలున్నాయి. వ్యాకరణ దోషం పెద్దగా లేదు, మర్యాదకు లోటు లేదు. అయినా ఫిర్యాదు ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో లేదు. పైపు ఎప్పటిలోగా బాగుపడాలో లేదు. అవసరమైనవి రాయడానికి దొరకని చోటు, అనవసరమైన వాటికి మాత్రం పుష్కలంగా దొరికింది.

మొదటి అంచె: పాఠకుడు ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాసుకోవడం

కలం పట్టేముందు విడి కాగితం మీద ఒక వాక్యం రాయండి: ఇది చదివినవారు చదివాక ఏం చేయాలి, లేదా ఏం తెలుసుకోవాలి? మన నమూనాకైతే ఆ వాక్యం ‘మూడో వీధి పైపు ఈ వారంలో బాగు చేయించాలి’ అన్నదే. వ్యాసమైనా, ఉద్యోగ దరఖాస్తు అయినా, కార్యాలయ ఉత్తరమైనా ఈ వాక్యం ముందే చేతిలో ఉండాలి, ఎందుకంటే ఏది అనవసరమో తేల్చే గీటురాయి అదే. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే చెప్పదలచుకున్నది ఇంకా తేలలేదని అర్థం. అలాంటప్పుడు పదాలు ఎన్ని కోసినా రచన బిగువెక్కదు. తర్వాత చిత్తుప్రతిని ఆపకుండా రాసేయండి. రాస్తున్నప్పుడే కోయడం మొదలుపెడితే ఆలోచన తెగిపోతుంది.

రెండో అంచె: పెద్ద కోతలు ముందు

చాలామంది సవరణను మాటల దగ్గర మొదలుపెడతారు. అది వృథా శ్రమ, ఎందుకంటే అరగంట కష్టపడి చక్కదిద్దిన వాక్యం ఉన్న పేరానే తర్వాత తీసేయవలసి రావచ్చు. ముందు పేరాలు, తర్వాత వాక్యాలు, చివర మాటలు అన్న వరుస పాటించండి.

పేరాల్లో మొదట అనుమానించవలసింది మొట్టమొదటి పేరాను. ‘నేటి ఆధునిక సమాజంలో సాంకేతిక పరిజ్ఞానం ఎంతగానో అభివృద్ధి చెందింది’ వంటి వాక్యంతో మొదలైన వ్యాసం ఏ విషయం మీదనైనా కావచ్చు. ఏ వ్యాసానికైనా అతికే వాక్యం నిజానికి ఏ వ్యాసానికీ చెందదు. దాన్ని తీసి రెండో పేరాతో మొదలుపెట్టి చూడండి. చాలాసార్లు అసలు విషయం అక్కడే మొదలై ఉంటుంది. అర్జీలో ‘పై విషయానికి సంబంధించి తమరికి సవినయంగా తెలియజేసుకోవడం ఏమనగా’ అన్న భాగం చేసే పని ఇలాంటిదే. అర్జీ ఇవ్వడమే తెలియజేయడం, ‘అయ్యా’ అన్న సంబోధనలోనే వినయం ఉంది. ఆ ఏడు మాటలు తీసేస్తే పోయేది ఏమీ లేదు.

మూడో అంచె: క్రియను తిరిగి నిలబెట్టడం

ఈ అంచె మీద ఎక్కువ సమయం పెట్టమని నా సలహా, ఎందుకంటే తెలుగు వాక్యానికి బలమైనా, నీరసమైనా క్రియ దగ్గరే వస్తుంది.

‘సమావేశం నిర్వహించడం జరిగింది’, ‘పనులు ప్రారంభించడం జరిగింది’, ‘మంత్రి మాట్లాడడం జరిగింది’ వంటి వాక్యాలు వార్తల్లో, నివేదికల్లో, ఉపన్యాసాల్లో రోజూ వినిపిస్తాయి. వీటిలో అసలు క్రియ నామవాచకంగా మారిపోయి, దాని స్థానంలో ‘జరుగు’ వచ్చి కూర్చుంది. ‘సమావేశం నిర్వహించారు’, ‘పనులు ప్రారంభించారు’, ‘మంత్రి మాట్లాడారు’ అంటే ఒక మాట తగ్గడమే కాక మరో ముఖ్యమైన మేలు కలుగుతుంది. ‘నిర్వహించారు’ అనగానే ‘ఎవరు?’ అన్న ప్రశ్న పుడుతుంది, రాసేవారు జవాబు చెప్పక తప్పదు. ‘నిర్వహించడం జరిగింది’ అన్నప్పుడు ఆ ప్రశ్న పుట్టదు. పని ఎవరి ప్రమేయమూ లేకుండా దానంతట అదే అయిపోయినట్లు ఉంటుంది. ‘చర్యలు తీసుకోవడం జరగలేదు’ అన్న వాక్యంలో తీసుకోనిది ఎవరో దాగిపోయింది. ఫిర్యాదులో ఈ దాపరికం ఫిర్యాదుదారుకే నష్టం.

అలాగని ‘జరుగు’ను వెలివేయనక్కర్లేదు. పెళ్లి జరుగుతుంది, ప్రమాదం జరుగుతుంది, ఎన్నికలు జరుగుతాయి; ఇవి సంఘటనలు, వాటికి ఆ క్రియే తగినది. ‘-డం’తో ముగిసే మాట వెంట ‘జరుగు’ కనిపిస్తే మాత్రం ఆగి, ఆ ‘-డం’ లోపలి క్రియను బయటికి తీయండి.

రెండోది ‘-బడు’. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’, ‘పాత సామాన్లు కొనబడును’ అన్న బోర్డులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఆ ఇంటి యజమానిని పలకరిస్తే ‘ఇల్లు అద్దెకు ఇస్తామండీ’ అంటారే తప్ప ‘ఇవ్వబడును’ అనరు. రాతలోనూ ‘ఇస్తాం’, ‘కొంటాం’ చాలు. చేసినవారు తెలియనప్పుడు ‘-బడు’ తప్పదని కొందరు వాదిస్తారు; కానీ తెలుగు ఆ అవసరాన్ని బహువచన క్రియతో తీర్చుకుంటుంది. ‘ఈ బావి ఎప్పుడు తవ్వారో తెలియదు’ అంటే ఎవరు తవ్వారో చెప్పకుండానే వాక్యం నిండుగా ఉంది. భయపడు, కష్టపడు, బయటపడు వంటివి వేరే జాతి క్రియలు, వాటి జోలికి పోవద్దు.

మూడోది, ఒక్క క్రియ సరిపోయే చోట నామవాచకాన్నీ క్రియనూ జంటగా వాడడం. పరిశీలన చేశారు, ప్రయత్నం చేశారు, నిర్ణయం తీసుకున్నారు అనే వాటిని పరిశీలించారు, ప్రయత్నించారు, నిర్ణయించారు అనవచ్చు. విశేషణం అవసరమైన చోట జంటే నయం: ‘కఠినమైన నిర్ణయం తీసుకున్నారు’ అన్నదాన్ని ‘కఠినంగా నిర్ణయించారు’ అని మారిస్తే అర్థమే మారిపోతుంది.

ఇక ‘కలిగి ఉంది’. ‘ఈ ఫోను 5000 ఎంఏహెచ్ బ్యాటరీని కలిగి ఉంది’ అన్నది తెలుగు అక్షరాల్లో రాసిన ఇంగ్లీషు వాక్యం. ‘ఈ ఫోనులో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది’ అంటే విభక్తి తన పని తాను చేసుకుంటుంది. ‘ఆయన ఇద్దరు కుమార్తెలను కలిగి ఉన్నారు’ అన్నచోట ‘ఆయనకు ఇద్దరు కుమార్తెలు’ అంటే క్రియ అవసరమే ఉండదు. ‘ఆమె ఒక ఉపాధ్యాయురాలిగా ఉన్నారు’ కన్నా ‘ఆమె ఉపాధ్యాయురాలు’ నిండైన వాక్యం. క్రియ లేకుండా వాక్యం నిలవడం తెలుగుకు సహజం.

నాలుగో అంచె: విభక్తి పని విభక్తికే వదలడం

‘యొక్క’తో మొదలుపెట్టండి. ఇంటి తలుపు, ఊరి చెరువు, కాలి గోరు, తమ్ముడి పెళ్లి: ఈ మాటల్లో సంబంధం మొదటి పదం మారిన తీరులోనే ఉంది. ఇల్లు ‘ఇంటి’ అయింది, ఊరు ‘ఊరి’ అయింది. మారని పదాలకు కూడా స్థానమే సంబంధాన్ని చెబుతుంది: సీత పుస్తకం, ఆవు పాలు, గుడి గంట. ‘మా యొక్క గ్రామం’లో ‘యొక్క’ అదనం. ‘ఈ యొక్క సమస్య’లో అయితే సంబంధమే లేదు, ‘ఈ’ తర్వాత ‘యొక్క’ రావడానికి ఏ కారణమూ చూపలేం. చిత్తుప్రతిలో ‘యొక్క’ కోసం వెతికి, ప్రతి దాన్నీ తీసేసి చదవండి. అర్థం చెడిన చోట మాత్రమే తిరిగి పెట్టండి. అలాంటి చోట్లు బహు తక్కువ.

తర్వాత ‘మరియు’. పదాల మధ్య కామా గానీ, చివరి అచ్చు దీర్ఘం గానీ సరిపోతాయి: బియ్యం, పప్పు, నూనె; అన్నా తమ్ముడూ; పగలూ రాత్రీ. వాక్యాల మధ్యనైతే అసమాపక క్రియ ఉంది. ‘ఆమె బజారుకు వెళ్లింది మరియు కూరగాయలు కొన్నది’ అనేది ‘ఆమె బజారుకు వెళ్లి కూరగాయలు కొన్నది’ అవుతుంది. మాటలు తగ్గడమే కాదు, ఏది ముందో ఏది తర్వాతో కూడా ఆ ‘వెళ్లి’లో వచ్చేసింది. ‘మరియు’ ఇంత చెప్పలేదు.

‘ఒక’ను లెక్క చెప్పేటప్పుడు, కథ మొదలుపెట్టేటప్పుడు ఉంచండి, ‘ఆయన ఒక గొప్ప వైద్యుడు’ వంటి చోట తీసేయండి. ‘ఉన్నటువంటి’, ‘వచ్చినటువంటి’ అన్నవాటిలో ‘ఉన్న’, ‘వచ్చిన’ చాలు. ‘నీరు అనేది వృథాగా పోతోంది’లోని ‘అనేది’ ఉపన్యాసకుడు తర్వాతి మాట వెతుక్కునే వ్యవధి. కాగితానికి ఆ వ్యవధి అక్కర్లేదు. ‘మాత్రమే’కు బదులు చాలా చోట్ల ఒక్క ఏకారం సరిపోతుంది: రేపు మాత్రమే అనడం కన్నా రేపే, మీకు మాత్రమే అనడం కన్నా మీకే. అయితే ఒప్పందంలోనో నిబంధనలోనో పరిమితిని చెబుతున్నప్పుడు ‘మాత్రమే’ ఉంచడం మంచిది, ఎందుకంటే ఏకారాన్ని నొక్కి చెప్పడానికీ వాడతాం, హద్దు చెప్పడానికీ వాడతాం.

ఐదో అంచె: ‘ఏదైతే’ వాక్యాలను మడవడం

‘ఎవరైతే దరఖాస్తు చేసుకున్నారో వారు రేపు రావాలి’ అన్న వాక్యంలో ఆరు పదాలున్నాయి గానీ విషయం నాలుగు పదాలదే: ‘దరఖాస్తు చేసుకున్నవారు రేపు రావాలి’. అలాగే ‘ఏదైతే పైపులైను ఉన్నదో, అది పగిలింది’ అన్నది ‘పైపు పగిలింది’ అయిపోతుంది. విశేషణంగా మారగల క్రియ (చేసిన, వచ్చిన, చదివే, రాని) మన భాషకున్న గొప్ప వసతి. ఒక ఉపవాక్యాన్నంతా ఒక పదంలోకి మడవగలదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. మడవగలం కదా అని అన్నిటినీ ఒకే వాక్యంలోకి మడిస్తే, చివర వచ్చే క్రియ కోసం పాఠకుడు వాక్యమంతా మోస్తూ నడవాలి. పొడవైన వాక్యం వేరు, వదులైన వాక్యం వేరు. వరుసగా జరిగిన పనులను చెప్పే వాక్యం పొడవుగా ఉన్నా హాయిగా సాగుతుంది. కర్తకూ క్రియకూ మధ్య షరతులు, మినహాయింపులు, వివరణలు దూర్చిన వాక్యాన్ని మాత్రం రెండుగా విడగొట్టండి. రెండు మూడు మాటలు పెరిగినా పరవాలేదు.

ఆరో అంచె: ఒకే మాట రెండుసార్లు

మళ్లీ పునఃప్రారంభించారు, ప్రతిరోజూ నిత్యం, తిరిగి వెనక్కి ఇచ్చారు, అందరూ సమష్టిగా కలిసి: వీటిలో ఒకటి ఉంచి మరొకటి తీయాలి. ‘సుమారు 200 మందికి పైగా’ అన్నది ఇంకా చిక్కైనది, ఎందుకంటే ‘సుమారు’ అంటే అటో ఇటో, ‘పైగా’ అంటే అంతకు మించి. రెండూ ఒకేసారి నిజం కావు. ‘కూడా’ విషయంలో ఒక పరీక్ష ఉంది. అంతకు ముందు చెప్పినదానికి కొత్తగా ఏదైనా చేరుతోందా అని చూడండి. ‘ఎటువంటి చర్యలు కూడా’లో ఏమీ చేరడం లేదు.

ఏడో అంచె: కోయకూడనివి

సూత్రానికి పూర్వులు చెప్పిన లక్షణాల్లో మొదటిది అల్పాక్షరత, దాని వెంటనే వచ్చేది అసందిగ్ధత. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడంలో ఎంతో వివేకం ఉంది: అక్షరాలు తగ్గాలి, అనుమానం మాత్రం పుట్టకూడదు.

తెలుగులో కర్తను వదిలేసే వీలు చాలా ఉంది. ‘నేను నిన్న వచ్చాను’లో ‘నేను’ లేకపోయినా నష్టం లేదు. కానీ ‘వచ్చారు’ అన్న రూపం ఒక్కరికీ, పలువురికీ, ఎదుటివారికీ, పరోక్షంలో ఉన్నవారికీ చెల్లుతుంది. వాక్యంలో ఇద్దరు ముగ్గురు వ్యక్తులుంటే పేరును మళ్లీ రాయండి. అది పునరుక్తి దోషం కాదు. ఒప్పందాల్లో, వైద్యుని సూచనల్లో, మందుల వాడకంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

అన్నదమ్ములు, రాకపోకలు, చదువుసంధ్యలు, పొలంపుట్రా వంటి జంట పదాలను పునరుక్తి అనుకుని విడగొట్టవద్దు. ‘రాకలు’ అంటే ‘రాకపోకలు’ అయిపోదు. ‘పెద్ద ఇళ్లు’, ‘పెద్ద పెద్ద ఇళ్లు’ ఒకటి కావు. ‘ఇంటికి వెళ్లారు’ వేరు, ‘ఇంటింటికీ వెళ్లారు’ వేరు. ‘తలా రెండేసి’లో తలా, ఏసి రెండూ పని చేస్తున్నాయి.

మర్యాదను కోయవద్దు. ‘గారు’, ‘దయచేసి’, ‘అండీ’ చోటు తీసుకుంటాయి, నిజమే. కానీ పెద్దవారికి రాసిన ఉత్తరంలో అవి లేకపోతే చదివేవారి దృష్టి విషయం మీద నుంచి ఆ లోటు మీదకు మళ్లుతుంది. మర్యాద ఒకసారి స్పష్టంగా కనబడితే చాలు. ప్రతి వాక్యంలో సవినయంగా, తమరు, దయతో అని పరచనక్కర్లేదు. తేదీలు, పేర్లు, మొత్తాలు, స్థలాలు ఎప్పుడూ అదనం కావు. ‘గత నెల’ అని రాస్తే కాగితం ఒక బల్ల నుంచి మరో బల్లకు చేరేసరికి నెల మారిపోవచ్చు. నెల పేరే రాయండి.

ఎనిమిదో అంచె: తిరగరాయడం

ఇప్పుడు మన అర్జీ ఇలా తయారవుతుంది.

“అయ్యా, మా గ్రామం మూడో వీధిలో మంచినీటి పైపు జూన్ 12న పగిలింది. నీరు వృథాగా పోతోంది, వీధంతా బురదమయమైంది. జూన్ 15న పంచాయతీ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చాం. ఇంతవరకు ఎవరూ వచ్చి చూడలేదు. దయచేసి ఈ వారంలోగా పైపు బాగు చేయించాలని కోరుతున్నాం.”

ఇందులో 32 మాటలున్నాయి, అంటే సగానికన్నా తక్కువ. అయినా మొదటి ప్రతిలో లేని మూడు విషయాలు ఇందులో చేరాయి: ఫిర్యాదు ఇచ్చిన తేదీ, ఇచ్చిన చోటు, పని పూర్తి కావలసిన గడువు. ‘తగు చర్యలు’ అన్నచోట ‘పైపు బాగు చేయించాలి’ వచ్చింది. తగు చర్య ఏదో తేల్చుకునే భారం అధికారి మీద పడలేదు, పని జరిగిందో లేదో తర్వాత సరిచూసుకోవడం అర్జీదారుకు తేలికైంది.

తిరగరాసినదాన్ని కాసేపు పక్కన పెట్టి గట్టిగా చదవండి, లేదా ఇంట్లో ఎవరిచేతనైనా చదివించి వినండి. నోరు తడబడిన చోట, ఊపిరి చాలని చోట, మనం ఎన్నడూ పలకని మాట వచ్చిన చోట గుర్తు పెట్టుకోండి. చదివినవారు విషయాన్ని తిరిగి చెప్పగలిగితే కోత సరైనదే, ‘ఎవరు?’, ‘ఎప్పుడు?’ అని అడిగితే ఎక్కడో ఎక్కువ కోశారని తెలుస్తుంది.

కొలత ఉన్న చోట్ల

కొన్నిచోట్ల క్లుప్తత నిబంధనే. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు సమాచార హక్కు చట్టం కింద ఇచ్చే దరఖాస్తు, జతపరచిన పత్రాలు కాక, సాధారణంగా 500 పదాలు మించకూడదని 2012 నియమాలు చెబుతున్నాయి. మించినంత మాత్రాన తిరస్కరించరాదని కూడా అవే నియమాల్లో ఉంది. అక్కడ సమస్య పూర్వకథ అవసరం లేదు. ఏ పత్రం నకలు కావాలి, ఏ కాలానికి సంబంధించినది అన్న రెండు వివరాలు స్పష్టంగా ఉంటే దరఖాస్తు ఒక పేజీ కూడా దాటదు.

మన దేశంలో 2013 జులైలో టెలిగ్రాం నిలిచిపోయేదాకా మాటల లెక్కన రుసుము ఉండేది. ఆ క్రమశిక్షణ ఇప్పుడు ఎస్ఎంఎస్‌లో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సందేశానికి 160 గుర్తులు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి, పైగా ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గుర్తులు. 70 దాటితే సందేశం ముక్కలై ఖర్చు పెరుగుతుంది. ‘మన గ్రామ పంచాయతీ కార్యాలయం నందు గ్రామసభ నిర్వహించడం జరుగుతుంది కావున ప్రజలందరూ తప్పక హాజరు కాగలరని తెలియజేయడమైనది’ అని పంపితే తేదీ, వేళ చేర్చకముందే గుర్తులు వంద దాటాయి. ‘జూన్ 20 సాయంత్రం 5కు పంచాయతీ కార్యాలయంలో గ్రామసభ. అందరూ రండి.’ అన్నది ఖాళీలతో కలిపి 61 గుర్తులే, తేదీ, వేళ, చోటు అన్నీ ఉన్నాయి, ఇంకా తొమ్మిది గుర్తులకు చోటుంది.